డబ్ల్యూఎన్‌బీఏ తొలి సీజన్ (1997)

అమెరికాలో మహిళల వృత్తి బాస్కెట్‌బాల్‌కు గట్టిగా నిలదొక్కుకున్న లీగ్ ఒక్కటే. దాని పేరు విమెన్స్ నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, పొట్టిగా డబ్ల్యూఎన్‌బీఏ. తొలి సీజన్ 1997 జూన్ 21న మొదలై ఆగస్టు 30న ముగిసింది. ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 28 మ్యాచ్‌లు, ఆపైన మూడంటే మూడే నాకౌట్ మ్యాచ్‌లు. పది వారాల్లో అంతా అయిపోయింది. హ్యూస్టన్ కామెట్స్ విజేత, న్యూయార్క్ లిబర్టీ రన్నరప్.

ఈ సీజన్‌లో చెప్పుకోవలసిన విచిత్రం ఒకటుంది. లీగ్ తన ప్రచారానికి ముగ్గురిని ఎంచుకుంది: లీసా లెస్లీ, రెబెకా లోబో, షెరిల్ స్వూప్స్. టీవీ ప్రకటనల్లో, పత్రికల్లో, గోడల మీద వాళ్ళే. తీరా ఆట మొదలయ్యాక సీజన్‌ను ఎగరేసుకుపోయింది మాత్రం అమెరికన్ ప్రేక్షకులకు పేరు కూడా సరిగా తెలియని 34 ఏళ్ళ సింథియా కూపర్.

పాత ప్రయత్నాలు

మహిళల లీగ్ 1997లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడామగా తేడా చూపకూడదని 1972లో అమెరికాలో చట్టం వచ్చింది. టైటిల్ 9 అని పిలిచే ఆ నిబంధన వల్ల కాలేజీల్లో అమ్మాయిల జట్లకు కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు దక్కాయి. బాగా ఆడే అమ్మాయిలు ఏటికేడు పెరిగారు. చిక్కల్లా చదువు అయిపోయాకే. డిగ్రీ చేతికొచ్చాక ఆడటానికి చోటు లేదు.

1978 డిసెంబర్ 9న మిల్వాకీలో మొదలైన విమెన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఆ చోటు కోసమే పుట్టింది. అదీ ఎనిమిది జట్లతోనే. మొదటి మ్యాచ్‌లో చికాగో హసిల్ జట్టు మిల్వాకీ డోస్‌ను ఓడించింది. 7,824 మంది చూశారు. ఆ ఊపు నిలవలేదు. 1981లో జీతాలు అందని మిన్నెసోటా ఫిల్లీస్ క్రీడాకారిణులు ఆట మొదలవకముందే కోర్టు వదిలి వెళ్ళిపోయారు. మూడు సీజన్లకే లీగ్ మూతపడింది. ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు పుట్టిన చిన్నాచితకా లీగులు ఏవీ బతికి బట్టకట్టలేదు. ఆటతో బతకాలనుకున్న అమ్మాయిలు ఇటలీకో స్పెయిన్‌కో జపాన్‌కో విమానం ఎక్కేవారు.

1997లో కోర్టులోకి దిగినవాళ్ళలో ఈ కాలమంతా చూసినవాళ్ళూ ఉన్నారు. ఫీనిక్స్‌కు ఆడిన నాన్సీ లీబర్మన్ మూతపడిన ఆ పాత లీగులో డాలస్ తరఫున ఆడింది, 1986లో ఒక మగవాళ్ళ లీగులోనూ ఆడింది. డబ్ల్యూఎన్‌బీఏ తొలి సీజన్ నడుస్తుండగా ఆమెకు 39 నిండాయి. క్లీవ్‌లాండ్ జట్టులోని లినెట్ వుడర్డ్‌కు అప్పటికి 37. బాస్కెట్‌బాల్ విన్యాసాలకు పేరుపడ్డ హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ బృందంలో చేరిన మొదటి మహిళ ఆమె. ఇద్దరికీ ఇది పదేళ్ళు ఆలస్యంగా వచ్చిన పండగ.

లీగ్ పుట్టుక

పురుషుల లీగ్ ఎన్‌బీఏ పాలకమండలి 1996 ఏప్రిల్ 24న మహిళల లీగుకు ఆమోదం తెలిపింది. ఆ వేసవిలోనే అట్లాంటా ఒలింపిక్స్. అమెరికా మహిళల జట్టును అంతకు ఏడాది ముందునుంచే ఒకచోట చేర్చి, జీతాలిచ్చి, దేశదేశాలు తిప్పారు. టారా వాన్‌డర్వీర్ శిక్షణలో ఆ జట్టు సన్నాహక మ్యాచ్‌లు 52 ఆడి 52 గెలిచింది. ఒలింపిక్స్‌లో ఎనిమిదికి ఎనిమిది. ఫైనల్లో బ్రెజిల్‌పై 111-87. కొత్త లీగుకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ఎన్‌బీఏ ఈ పని పుణ్యానికి చేసిందనుకుంటే పొరపాటే. పురుషుల సీజన్ జూన్‌లో ముగుస్తుంది. అక్కడినుంచి శరదృతువు దాకా వాళ్ళ స్టేడియాలకు పని తక్కువ, టికెట్ల సిబ్బందికీ పని తక్కువ, టీవీలో బాస్కెట్‌బాల్ ఉండదు. ఆ ఖాళీలో మహిళల ఆటను పెట్టారు. ఎన్‌బీసీ, ఈఎస్‌పీఎన్, లైఫ్‌టైమ్ అనే మూడు చానెళ్ళు ప్రసారానికి ఒప్పుకున్నాయి. లైఫ్‌టైమ్ ఆడవాళ్ళ కార్యక్రమాల చానెల్, ఆటల చానెల్ కాదు. కొత్త ప్రేక్షకుల్ని ఎక్కడ వెతకాలో లీగుకు తెలుసుననడానికి ఇదొక గుర్తు. జట్లన్నీ ఎన్‌బీఏ ఉమ్మడి ఆస్తి; ఏ ఊరి జట్టును ఆ ఊరి పురుషుల ఫ్రాంచైజీ నడిపేది. మాజీ క్రీడాకారిణి, న్యాయవాది అయిన వాల్ ఆకర్‌మన్ తొలి అధ్యక్షురాలు.

ప్రచార నినాదం ‘వీ గాట్ నెక్స్ట్’. ఇది వీధి కోర్టుల మాట. అమెరికా పార్కుల్లో ఒక ఆట నడుస్తుంటే గట్టున కాచుకున్న జట్టు ‘తర్వాతి ఆట మాదే’ అని ముందుగా చెప్పుకుంటుంది, అలా చెప్పుకున్నవాళ్ళకే వంతు దక్కుతుంది. మగవాళ్ళ సీజన్ అయిపోగానే మా వంతు అనడానికి ఆ పలుకుబడి అతికినట్టు సరిపోయింది.

అయితే ఎన్‌బీఏ కంటే ముందే వంతు చెప్పుకున్న లీగ్ ఇంకొకటుంది. అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ 1996 అక్టోబర్‌లోనే, అసలైన బాస్కెట్‌బాల్ కాలమైన చలికాలంలో ఆట మొదలుపెట్టేసింది. జీతాలూ అక్కడే ఎక్కువ. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన పన్నెండుమందిలో 1997 వేసవిలో డబ్ల్యూఎన్‌బీఏ కోర్టులో కనిపించింది నలుగురే: లెస్లీ, లోబో, స్వూప్స్, రూతీ బోల్టన్. ఆట నాణ్యత అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగులోనే మెరుగన్న వాదన ఆ రోజుల్లో బలంగా వినిపించేది, అందులో నిజం ఉంది కూడా. టీవీ, ప్రకటనదారులు, పెద్ద స్టేడియాలు మాత్రం ఎన్‌బీఏ పిలిచిన చోటికే వెళ్ళాయి.

జట్లు, వాటి పేర్లు

తూర్పు విభాగంలో హ్యూస్టన్, న్యూయార్క్, షార్లెట్, క్లీవ్‌లాండ్. పడమటి విభాగంలో ఫీనిక్స్, లాస్ ఏంజెలెస్, శాక్రమెంటో, యూటా. టెక్సస్‌లోని హ్యూస్టన్ తూర్పు దిక్కుకు ఎలా చేరిందని అడగకూడదు. నాలుగూ నాలుగూ సరిచేయాలిగా.

పేర్లు పెట్టడంలో పురుషుల జట్లతో బంధుత్వం కలిపారు. హ్యూస్టన్‌లో వాళ్ళు రాకెట్స్, వీళ్ళు కామెట్స్, అంటే తోకచుక్కలు. ఫీనిక్స్‌లో సన్స్ ఉంటే పక్కనే మెర్క్యురీ, సూర్యుడిని అంటిపెట్టుకుని తిరిగే బుధుడు. శాక్రమెంటో కింగ్స్‌కు జోడీ క్వీన్స్ కాదు, మోనార్క్స్. ఏలికకు ఆడామగా లేదు. యూటాలో ఒకప్పటి స్టార్స్ అనే జట్టు పేరును తీసుకుని, జాజ్ జట్టు చివర్లోని రెండు జెడ్ అక్షరాలు తగిలించి స్టార్జ్ అన్నారు. క్లీవ్‌లాండ్‌లో రాక్ సంగీత మ్యూజియం ఉంది కాబట్టి రాకర్స్. న్యూయార్క్‌కు స్వేచ్ఛా ప్రతిమ ఉండనే ఉంది. అన్నిటిలోకి నాకు నచ్చింది షార్లెట్. అక్కడి మగ జట్టు హార్నెట్స్, కందిరీగలు. ఆడ జట్టుకు స్టింగ్ అని పేరు పెట్టారు, కందిరీగ కాటు. నిజానికి కందిరీగల్లో కుట్టేవి ఆడవే, మగవాటికి కొండి ఉండదు.

ఎనిమిది జట్లలో ఏడింటికి కోచ్‌లుగా మహిళలనే పెట్టుకున్నారు. ఫీనిక్స్‌కు చెరిల్ మిల్లర్, న్యూయార్క్‌కు నాన్సీ డార్ష్. మిగిలిన ఒక్క మగాయన హ్యూస్టన్ కోచ్ వాన్ చాన్సలర్, మిసిసిపీ విశ్వవిద్యాలయంలో అమ్మాయిల జట్టుకు ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చిన మనిషి. కప్పూ ఆయనకే, ఉత్తమ కోచ్ బహుమతీ ఆయనకే దక్కాయి.

ఎంపిక, జీతాలు

క్రీడాకారిణులు జట్లతో కాక నేరుగా లీగుతో ఒప్పందం రాసుకున్నారు. పేరున్న పదహారుమందిని 1997 జనవరిలో జట్టుకు ఇద్దరు చొప్పున లీగే పంచిపెట్టింది. స్వూప్స్, కూపర్ ఇద్దరూ హ్యూస్టన్‌కు పడ్డారు. లోబో, థెరీసా వెదర్‌స్పూన్ న్యూయార్క్‌కు. విదేశాల్లోనో ఇతర లీగుల్లోనో అనుభవం ఉన్నవాళ్ళ కోసం ఫిబ్రవరిలో ఒక డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా క్రీడాకారిణుల్ని ఎంచుకునే కార్యక్రమం, జరిగింది; ఏప్రిల్ 28న నాలుగు రౌండ్ల అసలు డ్రాఫ్ట్. అందులో మొట్టమొదటి పేరు టీనా థాంప్సన్. ఆమె కూడా హ్యూస్టన్‌కే వెళ్ళింది. వేరే ఏ జట్టు గెలుస్తుందని ఎదురుచూశారో గానీ, పంపకాల రోజునే సగం ఫలితం తేలిపోయింది.

సీజన్‌కు జీతం మామూలుగా 15 వేల డాలర్ల నుంచి 50 వేల దాకా. అప్పటి మారకం రేటులో అయిదున్నర లక్షల రూపాయల నుంచి పద్దెనిమిది లక్షలు. ప్రచార తారలకు విడిగా ఒప్పందాలు ఉండేవి. మిగిలినవాళ్ళలో చాలామంది ఆగస్టు చివర్లో పెట్టె సర్దుకుని మళ్ళీ యూరప్ విమానం ఎక్కినవాళ్ళే. పది వారాల జీతంతో ఏడాది గడవదు.

బయటి దేశాల నుంచీ మంచి క్రీడాకారిణులు వచ్చారు. ఆస్ట్రేలియా నుంచి మిషెల్ టిమ్స్, రష్యా నుంచి ఎలెనా బరానోవా, బ్రెజిల్ నుంచి జానెత్ అర్కైన్. లాస్ ఏంజెలెస్‌కు చైనా నుంచి ఆరడుగుల ఎనిమిది అంగుళాల జెంగ్ హైషియా వచ్చింది. 1994 ప్రపంచ పోటీల్లో ఆమే ఉత్తమ క్రీడాకారిణి. ఈ సీజన్‌లో క్రీడాస్ఫూర్తి బహుమతి ఆమెకే ఇచ్చారు.

నియమాలు కొంత కాలేజీ ఆటవి, కొంత అంతర్జాతీయ ఆటవి. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, బంతి చేతికొచ్చాక 30 సెకన్లలోపు బుట్టలోకి విసరాలి, మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాల దూరంలో. నాలుగు క్వార్టర్లు, 24 సెకన్ల గడియారం 2006లో గానీ రాలేదు. బంతి చుట్టుకొలత 28.5 అంగుళాలు, మగవాళ్ళ బంతికన్నా అంగుళం తక్కువ. దాని రంగులే అసలు ముద్ర. ఒక చెక్క నారింజ, ఒక చెక్క ఓట్స్ జావ రంగు, బీచ్‌లో పిల్లలు ఆడుకునే బంతిలా. గాల్లో గిరగిరా తిరుగుతుంటే ఆ రెండు రంగులూ చారలై కనిపించేవి. టీవీలో చానెళ్ళు మారుస్తూ పోయేవాడు కూడా ఆ బంతి కనిపిస్తే ఇది ఏ లీగో చెప్పేయగలడు.

తొలి మ్యాచ్

జూన్ 21 శనివారం. లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో గ్రేట్ వెస్టర్న్ ఫోరం, అప్పట్లో పురుషుల లేకర్స్ జట్టు ఇల్లు. లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ మీద న్యూయార్క్ లిబర్టీ. 14,284 మంది వచ్చారు. అధ్యక్షురాలు ఆకర్‌మన్ స్వయంగా నడిమధ్య నిలబడి లీసా లెస్లీ, కిమ్ హాంప్టన్ మధ్య బంతిని పైకి ఎగరేసింది. ఆట మొదలై నిమిషం నిండకముందే స్పార్క్స్ గార్డ్ పెనీ టోలర్ లీగ్ చరిత్రలో తొలి బుట్ట వేసింది.

ఆ రోజు అందరూ చెప్పుకున్నది మాత్రం పడని బుట్ట గురించి. లెస్లీ ఎత్తు ఆరడుగుల అయిదు అంగుళాలు. మొదటి భాగంలోనే ఆమెకు ఎదురు లేని దారి దొరికింది. పరుగెత్తుకెళ్ళి, పైకి లేచి, బంతిని పైనుంచి రింగులోకి దించబోయింది. లోపలికి పోలేదు. అదే పడి ఉంటే ప్రతి చానెల్ ప్రతి గంటా వేసేది. పడకపోవడంతో వెక్కిరించేవాళ్ళకు మేత దొరికింది. అలా పైనుంచి దించే బుట్టను డంక్ అంటారు. లీగులో తొలి డంక్ 2002 జూలై 30న పడింది. వేసింది లెస్లీయే.

మ్యాచ్ లిబర్టీ 67-57తో గెలిచింది. అదే రోజు క్లీవ్‌లాండ్‌లో హ్యూస్టన్, యూటాలో శాక్రమెంటో నెగ్గాయి, అంటే మొదటి రోజు సొంత ఊరి జట్లన్నీ ఓడిపోయాయి.

సీజన్ నడక

లిబర్టీ వరసగా ఏడు మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడుతో కలిపి రెబెకా లోబో ఒక లెక్క మోసుకుని తిరుగుతోంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఆఖరి ఏడాది 35కు 35, జాతీయ జట్టుతో 60కి 60, ఇప్పుడు 7. మొత్తం 102 మ్యాచ్‌లు ఓటమి ఎరగకుండా. ఎనిమిదో మ్యాచ్‌లో ఆ పరంపర తెగింది.

ఆట ప్రమాణం గురించి నిజం చెప్పుకోవాలి. గొప్పగా లేదు. ఒకరినొకరు ఎరగని పదిమందిని నెల రోజులు సాధన చేయించి కోర్టులోకి దింపితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. పాస్‌లు చేజారడాలు, తక్కువ స్కోర్లు. జనం మాత్రం వచ్చారు. ఫీనిక్స్, న్యూయార్క్‌లలో మ్యాచ్‌కు సగటున 13 వేల పైచిలుకు. లీగ్ మొత్తం మీద సగటు 9,669, లీగ్ పెద్దలు ముందుగా వేసుకున్న అంచనాలకు అందని సంఖ్య. మొత్తం ప్రేక్షకులు పది లక్షలు దాటారు.

షెరిల్ స్వూప్స్ కథ వేరు. లీగుతో మొట్టమొదట సంతకం చేసిన క్రీడాకారిణి ఆమె. నైకీ కంపెనీ ఒక మహిళా క్రీడాకారిణి పేరుతో అమ్మిన తొలి బాస్కెట్‌బాల్ బూట్లు ఎయిర్ స్వూప్స్. లీగ్ మొదలయ్యేనాటికి ఆమె నిండు చూలాలు. జూన్ 25న కొడుకు పుట్టాడు. ఆగస్టు 7న కోర్టులో దిగింది. నలభైమూడు రోజులకు. మన ఇళ్ళల్లో ఆ రోజుల్లో బాలింతకు చెవుల్లో దూది, నడుముకు గుడ్డ తీయరు. ఆమె తొమ్మిది మ్యాచ్‌లు ఆడింది. ముందుగా వేసుకున్న ప్రచార పథకం ఈ గర్భంతో తారుమారైంది. హ్యూస్టన్ జట్టుకు ముందు నిలబడేవాళ్ళు కావలసి వచ్చింది.

నిలబడింది కూపర్. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో పెరిగి, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టుతో 1983, 84లో జాతీయ టైటిళ్ళు గెలిచింది. ఆ జట్టుకు తార చెరిల్ మిల్లర్, కూపర్ పక్కన ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉంది. ఆ పైన దశాబ్దం స్పెయిన్‌లో, ఇటలీలో. అక్కడి లీగుల్లో పాయింట్ల యంత్రమని పేరు, సొంత దేశంలో పేపర్లో నాలుగు వాక్యాలు కూడా లేవు. 1996 ఒలింపిక్ జట్టులో ఆమె లేదు. ముప్పై నాలుగేళ్ళకు ఇంటికొచ్చి మ్యాచ్‌కు సగటున 22.2 పాయింట్లతో లీగులో అగ్రస్థానంలో నిలిచింది. జూలై 25న శాక్రమెంటో మీద ఒక్కతే 44 పాయింట్లు చేసింది. బుట్ట పడ్డప్పుడల్లా రెండు అరచేతులూ పైకప్పును నెడుతున్నట్టు ఎత్తేది. ఆగస్టు వచ్చేసరికి హ్యూస్టన్ గ్యాలరీల్లో అందరూ కప్పు నెట్టేవాళ్ళే.

లీగ్ దశ ముగిసేసరికి హ్యూస్టన్ 18 గెలుపులు, 10 ఓటములతో ముందుంది. న్యూయార్క్ 17-11, ఫీనిక్స్ 16-12. షార్లెట్, క్లీవ్‌లాండ్ రెండూ 15-13 దగ్గర సమమైనా నాలుగో చోటు షార్లెట్‌కే దక్కింది. లాస్ ఏంజెలెస్ 14-14, శాక్రమెంటో 10-18, యూటా 7-21. లాస్ ఏంజెలెస్, శాక్రమెంటో జట్లు మధ్యలోనే కోచ్‌లను మార్చేశాయి. అత్యుత్తమ రక్షకురాలు వెదర్‌స్పూన్; రీబౌండ్లలో, అంటే బుట్టలో పడని బంతుల్ని అందుకోవడంలో, ముందున్నది లెస్లీ.

నాకౌట్లు

సెమీఫైనల్స్ రెండూ ఆగస్టు 28న. హ్యూస్టన్ 70-54తో షార్లెట్‌ను సులువుగా దాటింది. ఫీనిక్స్‌ను దాని సొంత గడ్డ మీదే న్యూయార్క్ 59-41తో ఓడించింది. వృత్తి ఆటగాళ్ళ సెమీఫైనల్లో ఒక జట్టు నలభై నిమిషాలు ఆడి 41 పాయింట్లు చేయడం చూస్తే, పైన ఆట ప్రమాణం గురించి చెప్పిన మాట మళ్ళీ చెప్పాల్సిన పనిలేదు. లిబర్టీ రక్షణ కూడా అంత గట్టిది.

ఆగస్టు 30న హ్యూస్టన్‌లోని సమ్మిట్ స్టేడియంలో ఫైనల్. మూడింట రెండు, ఐదింట మూడు లాంటివేమీ లేవు, ఒక్క మ్యాచ్‌తో తేల్చేయడమే. 16,285 మంది చూస్తుండగా కామెట్స్ 65-51తో గెలిచింది. కూపర్ 25 పాయింట్లు. సీజన్ మొత్తానికీ, ఫైనల్‌కూ అత్యంత విలువైన క్రీడాకారిణి ఆమే.

ఆ సమ్మిట్ ఇప్పుడు చర్చి. 2005 నుంచి లేక్‌వుడ్ చర్చి అక్కడే ఆరాధనలు జరుపుతోంది.

తర్వాత

1998లో డెట్రాయిట్, వాషింగ్టన్ చేరి జట్లు పదయ్యాయి. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ సీజన్ మధ్యలోనే దివాలా తీసింది. అక్కడి మేటి క్రీడాకారిణులంతా 1999లో ఇటు వచ్చారు. ఆట నాణ్యత ఒక్కసారిగా పెరిగింది. క్రీడాకారిణుల సంఘం లీగుతో తొలి ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకున్నదీ అప్పుడే. మన దేశం నుంచి ఈ లీగు తలుపు తట్టిన పేరు ఒకటి చెప్పుకోవాలి: కేరళకు చెందిన గీతూ అన్నా జోస్ 2011లో కొన్ని జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్ళివచ్చింది.

కామెట్స్ 1997 నుంచి 2000 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు గెలిచింది. వాటిలో మూడోది గెలిచిన ఏడాదే, 1999 ఆగస్టులో, మొదటి సీజన్ నుంచీ ఆ జట్టుకు పాయింట్ గార్డ్‌గా ఉన్న కిమ్ పెరో క్యాన్సర్‌తో చనిపోయింది. 2008 చివర్లో, కొనేవాళ్ళు దొరక్క, కామెట్స్ జట్టే లేకుండా పోయింది. క్లీవ్‌లాండ్, షార్లెట్ అప్పటికే మూతపడ్డాయి, మరుసటి ఏడాది శాక్రమెంటో కూడా. యూటా జట్టు శాన్ ఆంటోనియోకు, అక్కడి నుంచి లాస్ వేగస్‌కు వలసపోయింది. మొదటి ఎనిమిదింటిలో అదే పేరుతో, మొదలైన నగరంలోనే ఇప్పటికీ ఉన్నవి మూడు: లాస్ ఏంజెలెస్, ఫీనిక్స్, న్యూయార్క్.

న్యూయార్క్ లిబర్టీ ఆ 1997 ఫైనల్ తర్వాత మరో నాలుగు ఫైనళ్ళు ఓడిపోయింది. 2024 అక్టోబర్ 20న, బ్రూక్లిన్‌లో, అదనపు సమయం దాకా వెళ్ళిన ఫైనల్ సిరీస్ అయిదో మ్యాచ్‌లో మిన్నెసోటాను ఓడించి తొలిసారి కప్పు ఎత్తుకుంది. స్కోరు 67-62. అంతకు ఇరవై ఏడేళ్ళ ముందు ఇంగిల్‌వుడ్‌లో లీగ్ మొట్టమొదటి మ్యాచ్ గెలిచినప్పుడు చేసినవీ 67 పాయింట్లే.